మూడో పిలుపు

కిషన్‌బాగ్‌లో మా గల్లీ చివర తాళం వేసిన ఇల్లొకటి ఉంది. దాని పెరట్లో పాడుబడ్డ బావి ఉంది. చీకటి పడ్డాక అటు పోతే ఆ బావి పేరు పెట్టి పిలుస్తుందని అందరూ అంటారు. రెండేసార్లు పిలుస్తుంది... పలికామా, ఇక అంతే. మనుషులైతే మూడోసారి కూడా పిలుస్తారు. అందుకే మూడో పిలుపు వినేదాకా నోరు విప్పొద్దని మా అత్తగారు నాకు చెప్పింది. నేను మా ఇంటికి పనికొచ్చే పిల్లలకు చెప్పాను. చెప్పకపోయుంటే బాగుండేది.

పనంటే పెద్ద పనేం కాదు. లాడ్ బజార్ నుంచి లక్క గాజులు వస్తాయి, చాప మీద కూర్చుని రాళ్లు అతికించి పంపిస్తాం. సుజన, శ్రీహిత నాలుగేళ్లుగా నా దగ్గరే పని చేస్తున్నారు, నన్ను కృష్ణమ్మత్తా అని పిలుస్తారు. సుజనకు శ్రీహిత అంటే ప్రాణం. శ్రీహిత ఎర్ర రాళ్లు తీసుకుంటే తనూ ఎర్రవే తీసుకునేది, శ్రీహిత టీ వద్దంటే తనకూ వద్దనేది. శ్రీహితకు మాత్రం గమ్ సీసా కావాల్సి వచ్చినప్పుడే సుజన గుర్తొచ్చేది. దాని నీడకైనా కాస్త చోటివ్వవే అని నేను సుజనను ఆటపట్టించేదాన్ని.

పోయిన వానాకాలం గీతాంజలి కొత్తగా పనిలో చేరింది. వారం తిరక్కుండానే శ్రీహిత చాప మీద తన చోటు మార్చి ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకే ఫోన్‌లో ఏదో చూసి పడీపడీ నవ్వుకునేవాళ్లు. సుజన కడుపుమంట నాకు కనిపిస్తూనే ఉంది. సాయంత్రం వాళ్లిద్దరూ ఇళ్లకు బయలుదేరితే పది అడుగులు వెనక తనూ నడిచేది. దగ్గరి దారని వాళ్లు ఆ పాడు పెరట్లోంచే పోయేవాళ్లు. దయ్యం లేదు గియ్యం లేదని శ్రీహిత నవ్వేది.

ఆ రోజు గీతాంజలి పనికి రాలేదు. వాన... పైగా కరెంటు పోయింది. శ్రీహిత ఒక్కతే లేచి పోయింది. ఆ వెంటనే సుజన కూడా లేచింది.

మర్నాడు పొద్దున్నే సుజన వచ్చి గడపలో కూలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చున్నీ ఇంకా తడిగానే ఉంది.

"బాయి పిలిచింది అత్తా," అంది గుసగుసగా. "అచ్చం శ్రీహిత గొంతే... రెండుసార్లు. నేను పలకలే. ఉరికొచ్చిన."

మంచి పని చేశావని దాని వీపు నిమిరాను. ఊరుకున్నానా — వీధిలోకి పోయి నలుగురికీ చెప్పాను.

చెబుతూ ఉండగానే గల్లీ చివర కేకలు వినిపించాయి.

బావి మీద కప్పిన చెక్కలు వానకు నాని, కాలు పడగానే విరిగాయి. శ్రీహిత రాత్రంతా నడుములోతు నీళ్లలో ఉంది. ఫోన్ నీళ్లపాలైంది. గీతాంజలి ఇంట్లో ఆగి ఉంటుందిలే అనుకుని ఇంట్లోవాళ్లు వెతకలేదు. మోరీలో పూడిక తీయడానికొచ్చిన ప్రకాశం మూలుగు విని, తాడు వేసి పైకి లాగాడు. కాలు విరిగింది, గొంతు పోయింది... ప్రాణం మాత్రం దక్కింది.

గల్లీ అంతా సుజనను చూసి జాలిపడింది. భయపడ్డ పిల్ల, దాని తప్పేముంది అన్నారు. తప్పు నాదేనని నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

నెల తర్వాత ఒక రాత్రి శ్రీహితను చూడ్డానికి పోయాను. తల్లి ఉస్మాన్‌గంజ్‌లో పని నుంచి ఇంకా రాలేదు. సుజనే అన్నీ చూసుకుంటోంది. అన్నం తినిపించేదీ, తల దువ్వేదీ అదే. గీతాంజలి ఎప్పుడొచ్చినా, నిద్రపోతోందని గుమ్మంలోంచే పంపించేస్తోందట.

శ్రీహిత గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. సుజన ముందు గదిలో ఉండగా నా చెయ్యి పట్టుకుంది.

"సుజన రోజూ నా ఎన్కనే వస్తదని తెల్సు అత్తా. గందుకే దాని పేరే పిలిచిన... గొంతు పోయేదాంక."

గొంతు పోయేదాకా... రెండుసార్లకు ఎవరి గొంతూ పోదు.

ముందు గదిలోకి వచ్చి సుజన పక్కన కూర్చున్నాను. అది బియ్యం ఏరుతోంది. అడక్కుండా ఉండలేకపోయాను — నిజం చెప్పు, ఎన్నిసార్లు విన్నావే?

సుజన తల ఎత్తలేదు.

"ముప్పై ఆరు, అత్తా. బాయి గోడ పక్కనే కూసున్న. నాలుగేండ్లల్ల అది నన్ను గన్ని సార్లు పిలవలే... ఒక్క నా పేరే. మస్తు మంచిగనిపించింది."

బియ్యంలో దాని వేళ్లు ఆగాయి.

"తర్వాత గీతా అని పిలిచింది. గప్పుడు లేచి ఇంటికొచ్చిన."

నేను ఆ బావిని చూసి ఎన్నడూ ఇంత భయపడలేదు.

లోపలి గదిలోంచి పిలుపు వచ్చింది.

"సుజనా..."

లేవబోయాను. సుజన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సుజనా... నీళ్లు..."

అది కళ్లు మూసుకుని వింటోంది. పెదాల మీద చిన్న నవ్వు.

"ఇంకోసారి పిలవనీ అత్తా," అంది.

కాసేపటి తర్వాత — మూడో పిలుపు.

"కృష్ణమ్మత్తా..."

సుజన కళ్లు తెరిచి నా వైపు చూసింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.