ముఖ్య అతిథికి జ్ఞాపిక

"అది దేశం దాటిందంటే నీ ఉద్యోగంతో పోదు శాంతరాజూ. మన మిసైల్ ప్రోగ్రామే ఆగిపోతుంది," అంది చెవిలోని ఇయర్‌పీస్‌లో రాజ్యలక్ష్మి. ఢిల్లీలో కూర్చుని ఆపరేషన్ నడిపించే బాస్ ఆమె.

వస్తువు చెంబంత ఉంటుంది. క్షిపణి ముక్కున అమర్చే సీకర్, అంటే లక్ష్యాన్ని వెతికే గాజు కన్ను. ఒక మిత్రదేశం నమ్మి మన ల్యాబ్‌కిచ్చింది. మూడో దేశానికి చేరకూడదని షరతు. ఆ షరతు కింద హామీ సంతకం ఏజెంట్ శాంతరాజుదే. పదిరోజుల క్రితం మాయమైన ఆ కన్ను ఇప్పుడు ఫిలింనగర్‌లో ఒక స్టూడియోలో, బల్ల మీద, ఎర్ర రిబ్బన్ కట్టించుకుని దర్జాగా కూర్చుంది. పక్కన శాలువా, బొకే. యుద్ధం సినిమాకి ముహూర్తం కదా, ముఖ్య అతిథికి మిసైల్ బొమ్మే జ్ఞాపిక అనుకుంటున్నారు పాపం అందరూ.

శాంతరాజుది జూనియర్ ఆర్టిస్టు వేషం, ఇన్‌స్పెక్టర్ డ్రెస్సు. టోపీలో మైకు, గుండీలో కెమెరా. ఇన్ని హంగులున్నా ఎవరినీ అరెస్టు చెయ్యలేని పోలీసు.

దాన్ని తీసుకుపోయే ఆ ముఖ్య అతిథి మరో మిత్రదేశపు దౌత్యవేత్త. పట్టుకుంటే ఆ మిత్రుడికి కోపం. ఇక్కడ గొడవైతే, కన్ను పోయిన సంగతి ఇచ్చిన మిత్రుడికి తెలిసిపోతుంది. పైనుంచి ఆర్డర్ వచ్చేదాకా వేలు కూడా పెట్టొద్దంది రాజ్యలక్ష్మి. ఆర్డర్ ఏ టేబుల్ మీదుందో ఆమెకూ తెలీదు.

కాలర్ సరిచేసే నెపంతో రష్మి దగ్గరికొచ్చింది. కాస్ట్యూమ్ డిజైనర్. చూపు తిప్పుకోలేనంత అందగత్తె, రెండు వైపులా పనిచేసే డబుల్ ఏజెంట్. కన్నును బల్ల మీదికి చేర్చింది ఆమే.

"డిప్లొమాటిక్ బ్యాగ్. ఎయిర్‌పోర్టులో ఎవరూ తెరవరు," అంది మెల్లగా. "ఇవాళ వాళ్ల మనిషిని. రేపు కావాలంటే మీ మనిషిని."

శాంతరాజుకి ఏడుపొచ్చినంత పనైంది. పదకొండేళ్ల సర్వీసులో ఇంత చేతకానితనం ఎప్పుడూ ఎరగడు.

అతిథి క్లాప్ కొట్టాడు. చప్పట్లు మోగాయి. ఇక కొబ్బరికాయ, ఆ వెంటనే సన్మానం. సెట్ వర్కర్ జంగయ్య కర్పూరం వెలిగించి, కాయ ఎత్తి, ఎదురుగా ఉన్న బండరాయికేసి కొట్టాడు. రాయి సొట్టపడింది, కాయ పగల్లేదు. ఇంకో బండకి కొట్టాడు. దానికీ బొక్క పడింది. ముహూర్తం దాటిపోతోందని నిర్మాత కంగారుపడ్డాడు. ముహూర్తపు కాయ పగలకపోతే అపశకునం.

జంగయ్య చుట్టూ చూసి, బల్ల దగ్గరికెళ్లి, మూడోసారి బలంగా కొట్టాడు.

కాయతోపాటు కన్నూ పగిలింది. గాజు పెంకుల మధ్యనుంచి కొబ్బరినీళ్లు సర్క్యూట్లలోకి దిగి, చిటపటమని పొగ లేచింది.

"ఏం చెయ్యాలె సార్," అన్నాడు జంగయ్య నిర్మాతతో, బిక్కమొహం వేసి. "గీడ అన్నీ థర్మాకోల్ రాళ్లే. గిదొక్కటే జర గట్టిగ కనబడ్డది."

రష్మి మొహం పాలిపోయింది. శాంతరాజు మోకాళ్ల మీద కూలబడి ముక్కలు ఏరసాగాడు. గెలిచానన్న సంతోషం ఎక్కడా లేదు. తాను చేసిందేమిటి గనక.

"ఆర్డర్ వచ్చింది," అంది చెవిలో రాజ్యలక్ష్మి. "ఇక ముట్టుకోవచ్చు."

అతిథి మాత్రం చెక్కుచెదరలేదు. శాలువా కప్పించుకుని, కొబ్బరిముక్క ప్రసాదం కళ్లకద్దుకుని, రెండో షెడ్యూల్ ఎప్పుడని నిర్మాతను అడిగాడు.

వచ్చే నెలేనండీ, దానికీ తమరే రావాలి అన్నాడు నిర్మాత.