పదమూడు గంటల పాదం

"తలుపు తియ్యండ్రా! గుంట సచ్చిపోతాది!"

శిరస్త్రాణంలోని మైకులో అరుస్తూ నూకాలు అంతరిక్ష కేంద్రం తలుపును ఇనుప గొట్టంతో బాదింది. పక్కనే చెల్లెలు పైడమ్మ మూలుగుతోంది. చేతి తొడుగుల్లో వేడి ఎనిమిది గంటలే నిలుస్తుంది. ఇన్నాళ్లూ అదనపు బ్యాటరీతో నెట్టుకొచ్చారు. ఇవాళ పైడమ్మకు అదీ చచ్చింది. మరమ్మతుకు బయటికొచ్చి పదకొండు గంటలు దాటింది.

తలుపు మనుషుల మాట వినదు, పాదసూచి మాటే వింటుంది. భూమి చుట్టూ కేంద్రం తిరిగే దారిని కోణాన్ని బట్టి నాలుగు సమాన పాదాలుగా కోసి, పాదానికో జట్టును పనికి పంపే యంత్రమది. దారి గుండ్రంగా ఉన్నన్నాళ్లూ వేగం మారేది కాదు. ఏ పాదమైనా ఆరు గంటలే. మూడు నెలల కిందట కేంద్రాన్ని కోడిగుడ్డులాంటి దీర్ఘవృత్తంలోకి మార్చారు. పాదసూచిని మాత్రం మార్చలేదు.

పాదం పూర్తయ్యాకే తలుపు తెరుచుకుంది. చలికి చచ్చుబడిన పైడమ్మ వేళ్లు నాలుగు డాక్టరు తీసేశాడు.

నూకాలు తిన్నగా అధికారి భార్గవ గదిలోకి దూసుకెళ్లింది.

"రోజుకి నాలుగు పాదాలు. సగటున ఆరేసి గంటలే కదమ్మా," అన్నాడాయన, తెర మీంచి కళ్లెత్తకుండా.

"సగటేటి బాబూ! భూమి దగ్గరకొచ్చినప్పుడు సెకనుకి అయిదు కిలోమీటర్ల పైనే పరిగెడతాం. దూరం పోయేసరికి రెండు కూడా ఉండదు. దగ్గర పాదం రెండు గంటల్లో అయిపోతాది. మాది పదమూడు! మీ సగటేటో నా సెల్లి సేతి ఏళ్లకి సెప్పండి!"

భార్గవ ముఖం పాలిపోయింది. లెక్క సరిచూసి, మీటలు నొక్కాడు. "కోణానికి బదులు కాలం పెట్టాను. ప్రోగ్రాములో ఒక్క వరసే మార్చాల్సింది. ఇక ఇబ్బంది లేదు."

"మూడు నెల్లు అర్జీలెట్టినాం. ఒక్క వరసా బాబూ?"



నూకాలు తన గదికొచ్చేసరికి మొగుడు సూరప్ప పడక మీద ఉన్నాడు. అతనిది దగ్గర పాదం జట్టు.

"రోజూ రెండు గంటల్లోనే వచ్చేత్తన్నావు. ఎందుకో నీకు తెల్దా?"

సూరప్ప గోడకేసి చూశాడు. "తెలుసే. నోరిప్పితే మా పని పెరిగిపోద్దని జట్టంతా ఒట్టేసుకున్నాం."

"నానూ, పైడీ బయట ఉన్నామని తెలిసే?"

నూకాలు పడక మీంచి తన దుప్పటి లాక్కుని గుమ్మం వైపు నడిచింది.

"యంత్రం తప్పుకి నా మీద పడతావేటే?"

"యంత్రానికి నానెవులో తెల్దు. నీకు తెలుసు."

ఆసుపత్రి గదిలో అన్నం కలిపి తినిపిస్తుంటే, "బావ ఏడప్పా?" అని అడిగింది పైడమ్మ. నూకాలు ఆమె నోట్లో ఇంకో ముద్ద పెట్టింది.