ఇంజను ఆగాక ఎక్కిన వేడి

వర్క్‌షాపులో అందరూ అతన్ని మీటరు అనే పిలుస్తారు. అసలు పేరు జీతమిచ్చే యజమానికి కూడా చప్పున గుర్తు రాదు. చప్పుడు విని బండి జబ్బు చెప్పే రకం కాదతను. వేలెడంత డబ్బీని స్టీరింగు కింద గుచ్చి, ఫోనులో అంకెలు చూసుకుని, అప్పుడు నోరు విప్పుతాడు. "ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా నుదుటి మీద చెయ్యైనా వెయ్యడు, థర్మామీటరు ఏదీ అని ఇల్లంతా తిరుగుతాడు" అని పెళ్ళాం దెప్పుతూ ఉంటుంది. దెప్పితే దెప్పనీ, అంకె అబద్ధం చెప్పదని అతని నమ్మకం.

ఆ సాయంత్రం వానలో తడుస్తూ బైకు మీద చెల్లెలి ఇంటికి వెళ్ళింది కూడా అంకెలు చూడ్డానికే. బావగారు పోయిన దగ్గర్నుంచి ఆయన కారు షెడ్డులోనే పడి ఉంది. అమ్మేద్దామంటే, చూడ్డానికొచ్చిన వాళ్ళంతా ఒకటే మాట. ఇంజను దానంతటదే లేస్తోంది, మాకొద్దు బాబోయ్ అని.

"వాళ్ళ మొహం! ఇది సగం కరెంటు బండే అమ్మడూ" అన్నాడు మీటరు, డబ్బీ గుచ్చుతూ. "ఇంజను ఊరికే తిరగదు. బ్యాటరీ తగ్గితే తిరుగుతుంది. లేదా ఎవరైనా హీటరు వేస్తే, దానికి వేడినీళ్ళు కావాలి కాబట్టి తిరుగుతుంది. నీళ్ళు కాగాక ఆగిపోతుంది. ఎవరో ఒకరు అడగందే లేవదు."

చెల్లెలు తల వంచుకుంది. ఆ సంగతి ఆమెకి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు? పోయిన చలికాలం బావగారు తలనొప్పితో ఇంటికొచ్చి, నుదుటికి బామ్ రాసుకుని, షట్టరు దించేసి, హీటరు వేసుకుని సీట్లోనే కాసేపు నడుం వాల్చారు. ఇంజను చప్పుడు లేదు కదా, పొగ ఎక్కడిది అనుకుని ఉంటారు. నీళ్ళు చల్లారినప్పుడల్లా ఇంజను లేచింది. షెడ్డు నిండా పొగ కమ్మింది. ఆమె వచ్చి షట్టరు ఎత్తేసరికి అంతా అయిపోయింది.

"పాప రోజూ బడి నుంచి రాగానే ఇందులోకే దూరుతోంది అన్నయ్యా" అంది చెల్లెలు గొంతు తగ్గించి. "ఎంత మొత్తుకున్నా వినదు. ఈ బండిని ఎలాగైనా వదిలించు."

పాప అప్పటికే వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఏడేళ్ళ పిల్ల, మావయ్య వచ్చాడంటే ఎగిరి గంతేసేది. ఇవాళ గంతుల్లేవు.

"ఏమేవ్ రాణీగారూ, దిగుతారా, మోసుకెళ్ళి వానలో దింపమంటారా?"

"ష్... నాన్న పడుకున్నాడు."

చెల్లెలు గభాల్న తలుపు తీసి పిల్లని ఎత్తుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. మీటరు గొంతు సవరించుకున్నాడు. పిల్లలన్నాక ఏవో అంటుంటారులే.

షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. వాన ధారలుగా పడుతోంది. పెట్రోలు ముల్లు అట్టడుగున ఉంది, ఫరవాలేదు, పరీక్షకి చాలు. బండి ఆన్ చేశాడు. బ్యాటరీ నిండుగా ఉంది. హీటరు ఓ పది నిమిషాలు వేసి చూశాడు. ఇంజను లేచింది, నీళ్ళు ఎనభై దాకా కాగాయి, హీటరు ఆపగానే ఇంజనూ ఆగింది. ఇంజను వేగం సున్నా. అంతా కొత్త బండిలా ఉంది. ఏం రోగం దీనికి అనుకుంటూ వెనక్కి వాలాడు.

డెబ్భై తొమ్మిది. డెబ్భై ఆరు. డెబ్భై.

వాలినవాడు లేచి కూర్చున్నాడు. ఇంత నీరు ఈ లెక్కన చల్లారడమేమిటి? గంట పట్టాల్సింది కళ్ళముందే దిగుతోంది. అరవై దగ్గర ఇంజను గుర్రుమని లేచింది. హీటరు మీట వైపు చూశాడు. తను ఆపిన మీట... చివరిదాకా తిప్పి ఉంది.

ఆపాడు. ఇంజను ఆగింది. చూపు ఫోను మీదకి మళ్ళి తిరిగొచ్చేసరికి మీట మళ్ళీ చివర్లో ఉంది. ఇంజను లేచింది. సన్నగా ఏదో వాసన తగిలింది. బామ్ వాసన.

"ఛ, సీట్లకి పట్టి ఉంటుంది" అని తనకి తనే చెప్పుకున్నాడు. అంతలో ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది.

హమ్మయ్య, పీడా పోయిందనుకున్నాడు. అయినా అనుమానం తీరక బండి ఆపేసి, డాష్‌బోర్డుకీ డబ్బీకీ కరెంటిచ్చే చిన్న బ్యాటరీ తీగ స్పానరుతో విప్పి, బ్యాటరీని ఎత్తి నేల మీద పెట్టేశాడు. డాష్‌బోర్డు చీకటైపోయింది. ఇక ఆ డబ్బీకి ప్రాణం లేదు. ఫోనులో అంకె ఉండకూడదు.

ఉంది. ఇంజను వేగం సున్నా. నీళ్ళ వేడి నలభై... ముప్ఫై నాలుగు... ఇరవై తొమ్మిది. అక్కడ ఆగింది. ఆ తర్వాత ఎక్కడం మొదలెట్టింది.

ముప్ఫై. ముప్ఫై ఒకటి.

"నీ అంకెలు తగలెయ్య!" అని ఫోను ఆపబోతుంటే వరండాలోంచి కేక వినపడింది.

"అన్నయ్యా! పాప... పాప ఒళ్ళు చల్లబడిపోతోంది!"

ఒక్క పరుగున వెళ్ళాడు. ఆ నిమిషంలో థర్మామీటరు ఊసే గుర్తు రాలేదు. నుదుటి మీద చెయ్యి వేశాడు. మంచుముక్కలా తగిలింది. పిల్ల పెదాలు నల్లబడ్డాయి. చెల్లెలు దుప్పటి మీద దుప్పటి చుడుతోంది, అరిచేతులు రుద్దుతోంది, ఏడుస్తోంది. డాక్టరు దగ్గరికి ఈ వానలో, బైకు మీద, ఈ స్థితిలో పిల్లని... జేబులో ఫోను వెలుగుతోంది. ముప్ఫై రెండు.

పాప కళ్ళు మూసుకునే ఉంది. పెదాలు కదిలాయి. మీటరు చెవి దగ్గర పెట్టాడు.

"బావా..." అంది. "చలేస్తోంది బావా."

పుట్టిన దగ్గర్నుంచి ఆ నోట మావయ్యా అనే పిలుపే విన్నాడు. తనని బావా అని పిలిచిన మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉండేవాడు. చెల్లెలు కూడా విన్నట్టుంది, పిల్లని గుండెలకి అదుముకుని అతని మొహంలోకి చూసింది.

"అన్నయ్యా, ఏదో ఒకటి చెయ్యి... నాకింకెవరున్నారు?"

ఇంజను లేవదు, పెట్రోలు చుక్క లేదు. ఎవరో అడుగుతున్నారు, ఇవ్వడానికి బండి దగ్గర వేడి లేదు. దొరికిన చోటు నుంచి తీసుకుంటున్నారు. ఇది అర్థమయ్యాక మీటరు ఇంకేమీ ఆలోచించలేదు. వానలో షెడ్డుకి పరుగెత్తి, డ్రైవరు సీట్లో కూలబడి తలుపు వేసుకున్నాడు.

లోపల చీకటి. బామ్ వాసన ఘాటుగా ఉంది. పక్క సీటు వైపు తల తిప్పే ధైర్యం లేదు.

"బావగారూ..." అన్నాడు. "మీ కూతురండీ అది. దాన్నొదిలెయ్యండి. చలేస్తే... నేను కూర్చుంటాను. మీ దగ్గర నేను కూర్చుంటాను."

బయట వాన మోగుతోంది. పక్క సీటు... మెల్లగా కిర్రుమంది.

ఫోనులో ముప్ఫై మూడు. ఆగింది. అలాగే ఆగి ఉంది.

"అన్నయ్యా!" వరండాలోంచి చెల్లెలు ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో అరిచింది. "కళ్ళు తెరిచింది! వెచ్చబడుతోంది! మంచినీళ్ళు అడుగుతోంది అన్నయ్యా!"

పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. మీటరు స్టీరింగు మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చాడు. దక్కింది. పిల్ల దక్కింది. చాలు.

ఒళ్ళో ఫోను వెలిగింది. ఇంజను వేగం సున్నా. నీళ్ళ వేడి ముప్ఫై నాలుగు.

ముప్ఫై ఐదు.

ముప్ఫై ఆరు.

చెల్లెలు మళ్ళీ పిలుస్తోంది. "వచ్చెయ్ అన్నయ్యా, మావయ్య ఏడీ అంటోంది!" వస్తున్నానని చెప్పబోయాడు. మాట పైకి రాలేదు. విచిత్రమేమిటంటే తడిబట్టలతో ఉన్నా అతనికి చలి వెయ్యడంలేదు. అసలు ఏమీ అనిపించడంలేదు.

ముప్ఫై ఏడు. బతికున్న మనిషి ఒంటి వేడి. అక్కడ ఆగిపోయింది.

తన వైపు తలుపు అద్దం దగ్గరికి వంగి గట్టిగా ఊదాడు. అద్దం తేటగానే ఉంది. ఇంకోసారి ఊదాడు... తేటగానే ఉంది. అవతల వరండాలో లైటు వేశారు. ఆ వెలుగులో పక్క సీటు వైపు అద్దం కనిపించింది. దాని మీద తెల్లగా ఆవిరి పడుతోంది... పోతోంది... మళ్ళీ పడుతోంది.