మూడో గదిలో నాలుగు లెక్కలు

ఆ కచేరీ హాల్లో, స్టేజీ కింద ఉన్న మూడో గదికి మంచి పేరు లేదు.

నాకా సంగతి చెప్పింది గేటు దగ్గర కాపలా ఉండే తాత. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ గదిలో పాత పియానో ఒకటి ఉంది. మరమ్మతుకని తీగలన్నీ విప్పేశారు. మీటలు నొక్కితే కొయ్య టకటకలాడుతుందే తప్ప స్వరం పలకదు.

"అలాంటిదాన్ని రాత్రుళ్ళు ఎవరో వాయిస్తున్నారమ్మా," అన్నాడు తాత. "పది రోజులుగా. టక్... టకటక... టక్. ఉన్నట్టుండి ఆగిపోతుంది. అప్పుడు ఒక ఆడగొంతు లెక్కపెడుతుంది. ఒకటి... రెండు... మూడు..."

"తర్వాత?"

"నాలుగు దాకా ఎవరున్నారు? మూడుకల్లా నేను గేటు దగ్గరుంటా."

"గొంతెలా ఉంటుంది?"

"అబ్బో! రేకుని రంపంతో కోసినట్టు. బతికున్నప్పుడు ఇంట్లోవాళ్ళని ఎంత కాల్చుకు తిన్నదో!"

నేను అక్కడికి వెళ్ళింది మా అమ్మాయి కచేరీకి. సాధనకని పది రోజుల ముందే దిగాం. ఇంట్లో దాన్ని పిచ్చుక అంటాం. ఐదో ఏట పియానో ముందు కూర్చోబెట్టాను. కాళ్ళు నేలకి ఆనేవి కావు. పంతొమ్మిదో ఏట మొదటి పెద్ద కచేరీ. ఆ తర్వాత పదేళ్ళూ పెట్టె సర్దడం, విప్పడం. ఎన్ని ఊళ్ళు తిరిగినా ఏ ఊరూ చూసిన పాపాన పోలేదు. ఎక్కడికెళ్ళినా దానికి అదే స్టూలు, అవే ఎనభై ఎనిమిది మీటలు.

రెండేళ్ళ క్రితం స్టేజీ మీద ఆగిపోయింది.

అది వాయించే రచన చివర్లో నాలుగు లెక్కల మౌనం ఉంటుంది. చేతులు పైకెత్తి ఆగాలి. ఐదో లెక్కకి దించాలి. పిచ్చుక ఎత్తింది... దించలేదు. చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఎవరో దగ్గారు. తెర దించేశారు.

మళ్ళీ స్టేజీ ఎక్కబోయేది, తాత ఆ మాట చెప్పిన మర్నాడే. అదే రచన.

"రేపూ అక్కడే ఆగిపోతే పియానో మూత వేసేస్తానమ్మా," అంది భోజనం దగ్గర. "ఇంక తియ్యను."

"నోర్ముయ్. తిను," అన్నాను. ధైర్యం చెప్పడం నాకు అలాగే వచ్చు.

రాత్రి మెలకువ వచ్చి చూస్తే పక్క మంచం ఖాళీ. చెప్పులు లేవు. సాధనకని హాలువాళ్ళిచ్చిన వెనక తలుపు తాళంచెవీ లేదు.

మా బస హాలుకి ఎదురుగానే. రోడ్డు దాటాను. తాత టార్చి నా చేతిలో పెట్టాడు కానీ తను కదల్లేదు.

"నాకు పిల్లలున్నారమ్మా."

"నాకూ ఉంది ఒకతి. అదే కనపడ్డం లేదు."

స్టేజీ పక్కనుంచి మెట్లు. పదకొండు. ఏడో మెట్టు దగ్గర వినిపించింది...

టక్... టకటక... టక్.

ఆగిపోయింది.

"ఒకటి..." అంది గొంతు. "రెండు..."

తాత అబద్ధం చెప్పలేదు — నిజంగా రంపమే.

"మూడు... నాలుగు. ఊఁ, ఇప్పుడు!"

టక్ లేదు. దానికి బదులు ఒక చిన్నపిల్ల వెక్కిళ్ళు. సన్నగా.

"ఏడిస్తే వేళ్ళు కదులుతాయా? మళ్ళీ మొదటినుంచి!"

టార్చి చేతిలోంచి జారింది. మెట్టు మెట్టుకీ కొట్టుకుంటూ దొర్లి, గది గుమ్మంలో పడి ఆరిపోయింది.

ఆ గొంతు నాది.

"ఎ... ఎవరది?" లోపలినుంచి పిచ్చుక.

"నేనే."

"ఏ నేను?"

తడుముకుంటూ వెళ్ళి దీపం వేశాను. తీగల్లేని పియానో ముందు అది. పక్కన పాత టేపు రికార్డరు, తిరుగుతూ.

చిన్నప్పుడు దాని మాస్టారు వేరే ఊళ్ళో ఉండేవారు. వారం వారం ఇంట్లో సాధన రికార్డు చేసి పంపమనేవారు. ఆ టేపులన్నీ నగలు దాచినట్టు దాచిందట, నాకు తెలియకుండా.

"ఇక్కడే ఎందుకే? ఈ చచ్చిన పియానో మీద?"

"స్వరం వినపడితే చెవి మోసం చేస్తుందమ్మా. వినపడకపోయినా చేతులకి దారి తెలియాలి." తల వంచుకుంది. "ఆ మౌనంలో నాకు ఎప్పుడూ నీ లెక్క వినపడేది. ఆ రోజు వినపడలేదు. వెతుక్కుంటున్నా."

"తిట్లతో సహానా?"

"తిట్లు లేని టేపు ఒక్కటీ దొరకలేదు మరి!"

అది నవ్వింది. నేను నవ్వలేకపోయాను. రికార్డరులోంచి బ్యాటరీలు తీసేసి, టేపుతో సహా అన్నీ నా సంచిలో పడేసుకున్నాను.

"అది లేకపోతే రేపెలాగమ్మా?"

"పద," అన్నాను.

గేటు దగ్గర తాతకి నిజం చెప్పే మొహం లేక, "ఎలుకలు," అన్నాను.

"ఎలుకలు లెక్కపెడతాయా అమ్మా?"

మర్నాడు మూడో వరసలో కూర్చున్నాను. సంచి ఒళ్ళో. పిచ్చుక వాయించింది... చివరికొచ్చింది... చేతులెత్తింది.

ఇరవై ఆరేళ్ళుగా లెక్కపెట్టిన అలవాటు గొంతులోకి తన్నుకొచ్చింది. చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాను. ఈ ఒక్కసారైనా దాని మానాన దాన్ని వదిలేయాలి.

మౌనం.

చేతులు గాల్లో...

దిగాయి.

ఆ తర్వాత చప్పట్లు ఎంతసేపు మోగాయో నాకు తెలీదు. కళ్ళు కనపడలేదు.

స్టేజీ వెనక నన్ను వాటేసుకుంది. "ఎంత బాగా లెక్కపెట్టావమ్మా! చెవిలో చెప్పినట్టు. అంత నెమ్మదిగా మాట్లాడ్డం ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నేను నోరు తెరవలేదే."

"చాల్లే! నాకు వినపడిందిగా."

పొగిడేవాళ్ళు దాన్ని చుట్టుముట్టారు. నేను గాలికోసం గేటు దాకా వచ్చాను. తాత ఎదురొచ్చాడు.

"అమ్మా, ఇందాక మీరంతా పైనుండగా మూడో గదిలో మళ్ళీ లెక్క మొదలైంది. ఈసారి నాలుగు దాకా ఉన్నా."

"పారిపోలేదా?"

"భయమెయ్యలేదమ్మా. రంపం కాదు. పిల్లని జోకొడుతున్నట్టుంది."

సంచి తెరిచి చూశాను. టేపు ఉంది. రికార్డరు ఉంది. బ్యాటరీలు వేరే అరలో, నేను పెట్టినచోటే ఉన్నాయి.

అంత మెత్తగా లెక్కపెట్టడం నాకు... ఈ రోజుకీ రాదు.