నునుపు లేని బండ

సొరంగం చివర, మంచమంత బండ కింద జియాలజిస్ట్ శవం ఉంది. హెల్మెట్ రెండు చెక్కలైంది.

"రాతి పగులు, అదే ఫాల్ట్, కదిలింది సార్. బండ జారింది. కళ్లారా చూశాను," అన్నాడు సైట్ మేనేజర్. చనిపోయినవాడు అతని సొంత బావమరిది. "యాక్సిడెంట్ అని రాసుకుని వెళ్లండి. మీరిక్కడ తవ్వేదేముంది? అవతల నా పని ఆగిపోతోంది."

ఇన్‌స్పెక్టర్ అతని మొహంలోకి చూశాడు. ఏడ్చిన జాడ లేదు. విసుగుంది.

"ఎక్కణ్ణుంచి జారింది?"

మేనేజర్ ఎడమ గోడ మీదికి టార్చి వేశాడు. ఏటవాలు పగులు. దాని పక్క రాయి అద్దంలా మెరుస్తోంది.

"అక్కణ్ణుంచే."

"అప్పుడిక్కడ ఎవరెవరున్నారు?"

"నేనూ, వాడూ. మిగతావాళ్లు భోజనాలకు వెళ్లారు. ఇంకా ఏమైనా అడగాలా?"

"చాలా అడగాలి."

బయట, రాళ్లకు మందు పెట్టి పేల్చే బ్లాస్టర్ కస్సుమన్నాడు.

"నా మెడకు చుట్టాలని చూస్తున్నారా? పొద్దున్నుంచి ఒక్క మందు కూడా పేల్చలేదు. జియాలజిస్టే ఆపించాడు. ముందు పెద్ద ఫాల్ట్ ఉంది, దాని వెనక నీళ్లున్నాయి, ఇంకాస్త తవ్వితే అందరం మునుగుతాం అన్నాడు."

"మేనేజర్ ఏమన్నాడు?"

"బావమరిదివై ఉండి నా నోట్లో మట్టి కొడతావా అని మీదికెళ్లాడు. మేమే విడదీశాం. ఇది నేను చెప్పానని మాత్రం అనకండి."

శవాన్ని పంపించాక ఇన్‌స్పెక్టర్ జీపు పంపి ఒకావిడను సొరంగంలోకి రప్పించాడు. చనిపోయినవాడి అక్క. మేనేజర్ భార్య. కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతుంది. భర్త స్టేట్‌మెంట్ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"తమ్ముడు పోయి పూట గడవలేదు. ఇక్కడికి ఈడ్చుకొచ్చారు. మీకు మనసనేది ఉందా?"

"లేదనే అంటారమ్మా. ఈ బండ ఎక్కడిదో చెప్పండి."

"దాన్నెందుకు ఏడిపిస్తారు? ఇంటికి పంపండి!" మేనేజర్ అరిచాడు.

"మీరు నోరు మూసుకోండి."

ఆమె కళ్లు తుడుచుకుంది. గోడ మీద అరచెయ్యి ఆనించింది.

"ఇది ఫాల్ట్. భూమి ఒత్తిడికి రాయి పగిలి, రెండు వైపులా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జారాయి. ఆ రాపిడికే ఈ నునుపు, ఈ గీతలు. మధ్యలో రాయి నలిగి ఇలా మెత్తటి మట్టయింది."

"దీన్నుంచి ఊడిన బండ ఎలా ఉంటుంది?"

"ఒక ముఖమైనా ఇలాగే నున్నగా ఉండాలి. ఈ మట్టి అంటుకుని ఉండాలి."

జాకీలతో పక్కకు ఎత్తి పెట్టిన బండ చుట్టూ ఆమె తిరిగింది. అడుగు ముఖం కూడా వంగి చూసింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఎక్కడా నునుపు లేదు. ఇది జారిన రాయి కాదు, చీలిన రాయి. నీటి మరకైనా లేదు, అంటే కొత్త చీలిక. ఈ గీతలు చూడండి, ఈకలా విచ్చుకున్నాయి. పగులు ఎక్కడ పుడితే అక్కణ్ణుంచే ఇలా పరుచుకుంటాయి."

ఆమె వేలు గీతల వెంట వెనక్కి వెళ్లి, అంచు దగ్గర ఆగింది. అక్కడ రాయి నలిగి ఉంది. ఇనుము రాసుకున్న నల్లటి చార ఉంది.

తలెత్తి కప్పు వైపు చూసింది. పనివాళ్లను కప్పు దాకా లేపే లిఫ్ట్ ప్లాట్‌ఫాం పక్కనే, రాయి ఊడిన చోట తెల్లటి పచ్చి గాయం.

"ఇనుప చీల దిగ్గొట్టి ముందే వదులు చేసి ఉంచారు. వాడు కిందికి రాగానే ఆఖరి దెబ్బ." ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఎవరు?"

"ఇది ఫాల్ట్ నుంచి జారుతుంటే కళ్లారా చూశానన్న మనిషి ఒకడున్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అప్పుడిక్కడ బతికి ఉన్నది కూడా వాడొక్కడే."

ఎవరూ మేనేజర్ వైపు వేలు చూపించలేదు. చుట్టూ ఉన్న పనివాళ్లంతా అతని నుంచి ఒక్క అడుగు పక్కకు జరిగారు.

"సొరంగం మూయించేవాడే! ఆరేళ్లు చచ్చీచెడీ తవ్వాను!" మేనేజర్ భార్య వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పవే!"

ఆమె మళ్లీ బండ వైపు తిరిగింది. కానిస్టేబుళ్లు అతని రెక్కలు విరిచి పట్టుకుని తీసుకుపోయారు.

బయట ఆమె జీపు ఎక్కనంది.

"ఇది ప్రమాదం కాదని మధ్యలోనే మీకు అర్థమైంది కదమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అక్కడే ఆపేసి ఉండొచ్చు."

ఆమె అతన్ని అసహ్యంగా చూసింది.

"వాడికి రాళ్లు చదవడం నేర్పింది నేను. వాడి చావును తప్పుగా చదవమంటారా?"