తాతయ్యగారి అరువు కాళ్ళు

"తాతగారూ, నాకు మీ మొహం వద్దండీ. కాళ్ళు చూపించండి."

ఫోనులో కనిపించిన మొదటి నిమిషంలోనే ఒక ఆడపిల్ల ఇలా అంటే ఎవరికి మాత్రం బాగుంటుంది? మన తాతయ్యకి చిర్రెత్తుకొచ్చింది.

"ఏం, నా మొహానికేమైంది?"

"బంగారంలా ఉంది. కానీ మొహాలు అబద్ధాలాడతాయి తాతగారూ. 'చేస్తున్నానమ్మా, చేస్తున్నాను' అంటూ నవ్వుతుంటాయి. మోకాళ్ళకి ఆ విద్య రాదు. ఫోను కిందపెట్టి గోడకి ఆనించండి. నడుము కిందనుంచి కనబడితే చాలు."

ఆ అమ్మాయి ఫిజియోథెరపిస్టు. విషజ్వరం ఇల్లిల్లూ తిరుగుతోందని, పెద్దవాళ్ళెవరూ గడప దాటొద్దని చెప్పిన రోజులవి. కూర్చుని కూర్చుని వాళ్ళ కీళ్ళు బిగుసుకుపోతున్నాయనీ, మాట్లాడే దిక్కులేక నోళ్ళు అంతకన్నా ముందే తుప్పు పడుతున్నాయనీ గ్రహించి, రోజూ పొద్దున్నే వీడియో క్లాసు మొదలుపెట్టింది. ముందు వ్యాయామం, తరవాత అందరూ కలిసి కబుర్లు. షరతు ఒక్కటే. కాళ్ళు కదిలితేనే కబుర్లు. ఎగ్గొట్టినవాళ్ళ లైను కట్.

తాతయ్యకి కబుర్లు కావాలి. మరీ ముఖ్యంగా రేడియోమామ్మ కబుర్లు కావాలి. ఆవిడ ఒకప్పుడు రేడియోలో వార్తలు చదివేది. ఆవిడ "నమస్కారం" అంటే చాలు, ఈయన సోఫాలో సర్దుకుని కూర్చుని జుట్టు దువ్వుకునేవాడు. వ్యాయామం మాత్రం వద్దు.

"నలభై ఏళ్ళు బస్సు నడిపాన్రా. కూర్చున్నచోటునుంచి కదలకుండా ఊరంతటినీ తిప్పాను. ఇప్పుడు నన్ను లేచి గంతులెయ్యమంటే ఎలా?" అన్నాడు మనవడితో.

ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. మనవడికి లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుని బటన్ నొక్కితే ఫోను ఇతనికి వస్తుంది. మెకానిక్కు చేరేదాకా వాళ్ళకి ధైర్యం చెబుతూ ఉండాలి. ఇప్పుడు ఇంట్లోంచే చెబుతున్నాడు. ఎంత పెద్ద ఏడుపునైనా నాలుగు మాటల్లో ఆపగలడని ఆఫీసులో పేరు. అలాంటి మొనగాడు, తాతయ్య భుజం మీదుగా ఫోనులో ఆ అమ్మాయిని చూశాక, తనే రెండంతస్తుల మధ్య ఆగిపోయాడు.

తాతయ్య ఊరికే బస్సు నడపలేదు. అద్దంలో చూసి వెనక సీట్లో ఏం జరుగుతోందో చెప్పగలడు.

"ఆ పిల్లకి కావలసింది కాళ్ళే కదరా?" అన్నాడు మెల్లగా.

"అయితే?"

"నీకు రెండున్నాయిగా."

మర్నాటినుంచి తాతయ్య చారల పైజమా, ఉన్ని సాక్సులు మనవడి ఒంటిమీదకి వచ్చాయి. ఫోనుకి కనిపించేవి మనవడి కాళ్ళు. వినిపించేది సోఫాలో కాఫీ తాగుతున్న తాతయ్య గొంతు.

"ఎడమకాలు పైకి... ఇంకొంచెం... నొప్పిగా ఉందా తాతగారూ?"

"ప్రాణం పోతోందమ్మా!" అన్నాడు తాతయ్య, కాఫీ ఒలకకుండా కప్పు పక్కన పెట్టి.

ఒకరోజు కొంప మునిగినంత పనైంది. వ్యాయామం మధ్యలో తాతయ్యకి నిద్ర పట్టేసింది. ఫోనులో కాళ్ళు చకచకా ఎగురుతున్నాయి, వెనకనుంచి గురక వినిపిస్తోంది.

"తాతగారూ! ఎగురుతూ గురకపెడుతున్నారా?"

మనవడు గొంతు బొంగురు చేసుకుని, "ఊపిరి వ్యాయామం తల్లీ. పాతకాలం పద్ధతి" అన్నాడు.

"భలే ఉందే! అందరూ ఒకసారి చెయ్యండి."

క్లాసు మొత్తం ఏకకంఠంగా గురకపెట్టింది. ఆ చప్పుడుకి తాతయ్య ఉలిక్కిపడి లేచి, "బస్సు స్టార్టయిందా?" అన్నాడు.

కబుర్ల వేళ కూడా మనవడు గోడ పక్కనే నిలబడేవాడు. ఆమె మాట్లాడుతుంటే వినడం అతనికి ఇష్టం. వింటున్నంతసేపూ ఎడమ మడమ దానంతటదే టకటకమని ఆడేది.

"పెళ్ళెందుకు చేసుకోలేదమ్మా?" అన్నాడు తాతయ్య ఒకరోజు, పని గట్టుకుని.

"సంబంధాలొస్తున్నాయి తాతగారూ. అందరూ కుర్చీలకి అతుక్కుపోయినవాళ్ళే. నాకు కాస్త గట్టి మోకాళ్ళున్నవాడు కావాలి."

ఆ మాట విన్న కాళ్ళు ఎవరూ చెప్పకుండానే గుంజీళ్ళు తీశాయి.

అతిగా తీస్తే ఏమవుతుందో వారం తిరక్కుండానే తెలిసింది. "తాతగారూ, ఈ వయసులో ఇలాంటి కాళ్ళు నేను ఎక్కడా చూడలేదు. మీకిక నా క్లాసు అక్కర్లేదు. మీ చోటులో ఇంకొకరిని చేర్చుకుంటాను. ఎల్లుండినుంచి మీకు సెలవు" అంది ఆమె, మెచ్చుకుంటూ.

ఇంట్లో చావుకబురు విన్నట్టయింది. ఒకరికి రేడియోమామ్మ పోయింది. ఇంకొకరికి ఈ అమ్మాయి పోయింది.

"నీవల్లేరా! ఎవడు గుంజీళ్ళు తియ్యమన్నాడు?"

"సరే, రేపు పాడుచేద్దాం కాళ్ళని" అన్నాడు మనవడు.

మర్నాడు ఆ కాళ్ళు పడరాని పాట్లు పడ్డాయి. ఒకటి ఈడ్చుకుంటూ వచ్చింది. ఇంకొకటి గడగడ వణికింది. చివరికి రెండూ కలిసి దభీమని నేలమీద పడ్డాయి. తాతయ్య అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఉత్సాహం పట్టలేక, "అమ్మాయ్, నోరు కూడా వంకరపోతోందే!" అని తన వంతు కలిపాడు.

ఆమె మొహం పాలిపోయింది. "కదలకండి. వస్తున్నా!"

ఫోను ఆగిపోయింది. తాతామనవళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కాసేపటికే తలుపు దబదబ మోగింది. మనవడు కంగారులో ఉన్న బట్టల్తోనే పరిగెత్తి తీశాడు. గుమ్మం బయట మాస్కు, గ్లవుసులు వేసుకుని, రొప్పుతూ ఆమె. ఆమెకి మనుషుల్ని కిందనుంచి పైకి చూడడం అలవాటు. చూపు ముందు ఉన్ని సాక్సులమీద పడింది. తరవాత చారల పైజమా ఎక్కింది. ఆపైన, ఎనభై ఏళ్ళు ఉండవలసిన చోట, ఇరవై ఆరేళ్ళ మొహం కనిపించింది.

ఎడమ మడమ టకటకమని ఆడుతోంది.

"అది ఆపండి" అంది ఆమె.

ఆగింది.

"తాతగారెక్కడ?"

"రామ్మా, రా! నోరు సర్దుకుంది!" అన్నాడు తాతయ్య సోఫాలోంచి.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. కళ్ళనిండా నీళ్ళు. "పక్షవాతమేమోనని ఏడుస్తూ వచ్చానండీ. రెండుచోట్ల ఎర్రలైటు కూడా చూసుకోలేదు."

"అది తప్పమ్మా, ఎర్రలైటుంటే..." అని మొదలుపెట్టిన మాజీ డ్రైవరుగారు ఆమె చూపుకి మిగతాది మింగేశాడు.

"లేవండి తాతగారూ. చేతులు ఆనించకుండా."

తాతయ్య నవ్వుతూనే ప్రయత్నించాడు. కాస్త లేచి కూలబడ్డాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ కూలబడ్డాడు. ఈసారి నవ్వలేదు. సోఫా చేతులు రెండూ పట్టుకుని తోసినా లేవలేకపోతే, మనవడు వెళ్ళి చంకల కింద చేతులేసి లేపవలసివచ్చింది.

"చూశారా? ఇన్నాళ్ళూ మీ కాళ్ళు బాగుపడ్డాయి, ఆయనవి పాడయ్యాయి" అంది ఆమె మనవడితో. "మీరు లేనప్పుడు ఆయన పడితే ఎవరు లేపుతారు?"

మనవడికి తల కొట్టేసినట్టయింది. తాతయ్యకి కాఫీ తనే అందిస్తున్నాడు, పేపరు తనే అందిస్తున్నాడు. ఆయన లేవడం మానేశాడన్న సంగతే కనిపెట్టలేదు. రోజూ కాళ్ళే చూపిస్తూ, చూడవలసిన కాళ్ళు చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆమె వెళ్ళిపోతుంటే వెనకే నడిచాడు. "తప్పు నాదే. కానీ ఇదంతా తాతయ్య కోసమే కాదు. మీరంటే నాకు..."

"చెప్పకండి" అంది ఆమె. "తాతగారు చేతులు ఆనించకుండా ఆ సోఫాలోంచి లేచిననాడు చెప్పండి. అప్పటిదాకా నాకు చెవుడు."

తలుపు తెరిచే ఉంది. లోపల తాతయ్యకి అంతా వినపడింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"అంటే నీ పెళ్ళి నా మోకాళ్ళమీద ఉందన్నమాట!"

ఆ రోజునుంచి ఆయన అలకపానుపెక్కిన పెళ్ళికొడుకుని మించిపోయాడు. దిండు సరిగ్గా పెట్టకపోతే, "ఇవాళ లెయ్యను పో" అనేవాడు. గోళ్ళు తియ్యమనేవాడు. వీపు గోకమనేవాడు. మనవడు పళ్ళు నూరుకుంటూ అన్నీ చేసేవాడు.

అయితే పొద్దున్నే క్లాసులో మాత్రం ఇప్పుడు నాలుగు కాళ్ళు కనిపించేవి. తాతయ్య నిజంగానే చేస్తున్నాడు. నొప్పికి నిజంగానే మూలుగుతున్నాడు. నిజం మూలుగుకీ కాఫీ మూలుగుకీ ఎంత తేడా ఉందో క్లాసంతా చెవులారా వింది. రేడియోమామ్మ రోజూ కబుర్లు మొదలయ్యే ముందు గొంతు సవరించుకుని చదివేది. "నమస్కారం. ముఖ్యాంశాలు. తాతగారికీ సోఫాకీ మధ్య ఇవాళ అరచెయ్యంత ఖాళీ ఏర్పడింది. పూర్తిగా విడిపోయే సూచనలు ఇంకా లేవు."

ఆ అమ్మాయి మనవడితో మాట్లాడేది రెండే మాటలు. "ఊపిరి పీల్చండి." "వదలండి." అతను ఆ రెంటినీ రోజంతా తలుచుకునేవాడు.

ఒక ఆదివారం పొద్దున్న సన్నగా వాన. ఆమె తన పెద్దవాళ్ళందరినీ గుమ్మాల దగ్గరే నిలబడి పలకరించి వస్తూ, వీళ్ళింటికీ వచ్చింది. గొడుగు పట్టుకుని మెట్టుమీద ఆగింది. మనవడు తలుపు తీసి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. సోఫాలో తాతయ్య. పక్కన స్టూలుమీద ఫోను, అందులో కబుర్లకోసం కాచుకున్న క్లాసు.

"బాగున్నారా?" అంది ఆమె.

"బాగున్నాను. మీరు?"

"బాగున్నాను."

"వాన పడుతోంది" అన్నాడు అతను.

"అవును. పడుతోంది."

"తడుస్తారేమో."

"గొడుగుంది."

"అవును. గొడుగుంది."

"ఓరి మీ మాటలు తగలెయ్యా!" అని అరిచాడు తాతయ్య. "ఇలాగైతే మీరు గొడుగు దాటి పెళ్ళిదాకా వచ్చేసరికి నాకు నూరేళ్ళు నిండుతాయి! తప్పుకోరా, నేనడుగుతాను!" అంటూ చటుక్కున లేచి, విసవిసా వచ్చి గుమ్మం పట్టుకున్నాడు.

ముందు తేరుకున్నది ఫోనులోని రేడియోమామ్మ.

"ఆయన... ఆయన చేతులు వాడలేదు!"

తాతయ్య వెనక్కి తిరిగి సోఫాని చూశాడు. తన అరచేతుల్ని చూసుకున్నాడు. ఎవరెవరికో ఫోనులో ధైర్యం చెప్పే మనవడు, తాతయ్యని చూసి తనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు చెప్పండి" అంది ఆమె, చెంపమీది తడి తుడుచుకుంటూ. అది వానో కాదో మనకనవసరం.

"మీరంటే నాకిష్టం" అన్నాడు అతను. "తాతయ్యని మీరు తిట్టాక ఇంకా ఎక్కువైంది."

ఆమె గొడుగు అంచు కిందకి దించుకుంది. "మీకో సంగతి చెప్పాలి. తాతగారి మడమ ఆడుతుంటే నాకు నవ్వొచ్చేది. క్లాసయిపోయినా ఫోను పెట్టబుద్ధయ్యేది కాదు. ఎనభై ఏళ్ళ పెద్దాయన కాళ్ళు చూసి ఇదేమిటని హడలిపోయి, తెలిసిన డాక్టరమ్మని కూడా అడిగాను."

"ఏమన్నారు?"

"కళ్ళు పరీక్ష చేయించుకోమంది."

"ఇంతకీ ఒప్పుకున్నట్టేనా తల్లీ?" అన్నాడు తాతయ్య.

ఆమె సిగ్గుపడింది. "కాస్త ఆలోచించుకుని..."

"నిదానంగా ఆలోచించుకో. నువ్వు చెప్పేదాకా నేను కూర్చోను." అని గుమ్మం వదిలేసి చేతులు కట్టుకున్నాడు. మోకాళ్ళు అప్పుడే వణకడం మొదలుపెట్టాయి.

"తాతగారూ, చాలు, కూర్చోండి!"

"ఊహూఁ."

"పడతారండీ!"

"పడితే ఏరుకుందువులే."

"అయ్యో! ఇష్టమేనండీ, ఇష్టమే! మీ మనవడంటే నాకిష్టమే! ముందు కూర్చోండి!"

ఫోనులో చప్పట్లు, ఈలలు. మనవడు ఉరికి కుర్చీ తెచ్చి తాతయ్య వెనక వేశాడు. తాతయ్య దాన్ని మోచేత్తో పక్కకి నెట్టాడు.

"ఉండరా" అన్నాడు. "ఇంకాసేపు."

సోఫాలోంచి ఇన్నాళ్ళూ ఆయనకి ఎదురింటి గోడ ఒక్కటే కనిపించేది. ఇప్పుడు మనవడి భుజంమీద చెయ్యి వేసి, వానలో తడుస్తున్న వీధిని చివరిదాకా చూస్తూ నిలబడ్డాడు.