పూలమ్మవ్వ పక్క చోటు

ఆ జంఖానా ఎడమ సగం స్నేహలత నేసింది కాదు.

ఈ మాట ఆమె ఇప్పటిదాకా ఎవరి ముందూ నోరు విప్పి అనలేదు. ఫోన్ గ్రూపులో దాని ఫోటో పెట్టినప్పుడు అందరూ శభాష్ అన్నారు. శోభారాణి మేడం అయితే, "అవ్వ చెయ్యి పడ్డది, పిల్లకు పని వచ్చింది" అని మురిసిపోయింది. స్నేహలత దండం పెట్టే బొమ్మ ఒకటి పంపి ఊరుకుంది.

మొదలైతే అంతా మంచిగానే మొదలైంది. రిటైరైన టీచరు శోభారాణి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకూ కాలేజీ పిల్లలకూ జత కుదురుస్తుంది. పిల్లలు ఆదివారం ఆదివారం పోయి ఫోన్ వాడటం నేర్పాలి, మందులు తెచ్చివ్వాలి. పెద్దవాళ్ళు తమకు వచ్చిన పని పిల్లలకు నేర్పాలి. అట్లా మరిపెడ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే స్నేహలతకు కొత్తవాడలో జంఖానాలు నేసే పూలమ్మ దొరికింది. ఇరుకు గల్లీ, రేకుల ఇల్లు, ముందు గదంతా గుంట మగ్గమే. లోపల అడుగు పెడితే రంగు నూలు వాసన, గంజి వాసన, తడి మట్టి వాసన.

"ఇంత సన్నగున్నవేందే? హాస్టల్ల అన్నం పెడ్తలేరా?" అంది పూలమ్మ మొదటిరోజే.

"పెడ్తరు అవ్వా. తినేటట్టుండది."

"అయితే పంజా నువ్వేం లేపుతవ్, నిన్నే అది లేపుతది."

పంజా అంటే ఇనుప పళ్ళున్న దువ్వెన. అడ్డంగా పేక పోగు వేసిన ప్రతిసారీ దానితో దంచాలి. పెద్ద జంఖానాకు ఇద్దరు కావాలి. గుంటలో కాళ్ళు పెట్టి, ఒకే చెక్క పలక మీద పక్కపక్కన కూర్చోవాలి. కుడివైపు మనిషి సగందాకా తెచ్చిన పోగును ఎడమవైపు మనిషి అందుకుని కొసదాకా తీసుకుపోవాలి. పూలమ్మకు ఎడమవైపు చోటు ఖాళీ. పెళ్ళయిన నాటి నుంచి ఆమె పక్కన నేసిన మొగిలమ్మ పోయిన వానాకాలం దవాఖానలో చనిపోయింది. ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన ఎర్ర జంఖానా అట్లాగే మగ్గం మీద ఆగిపోయింది.

ఆ గల్లీ ముసలివాళ్ళలో ఒక పద్ధతి ఉంది. జోడీలో ఒకరు పోతే, పని మిగిలిందని మళ్ళీ రాకుండా, మగ్గం మీద ఎంత బట్ట ఉంటే అంత కోసి పాడె మీద కప్పుతారు. పూలమ్మ కోయనియ్యలేదు. పద్ధతి సంగతి స్నేహలతకు ఎవరూ చెప్పలేదు. ఆ ఖాళీ చోటు చూసి ముసలామె కంటతడి పెడుతుంటే తట్టుకోలేక, "నేను కూసుంట అవ్వా. ఇద్దరం కలిసి పూర్తి చేద్దాం" అంది.

 పూలమ్మ పలక మీద చెయ్యి వేసి, ఖాళీ చోటు వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"కూసోనియ్యనా?"

ఆ అడిగింది తనను కాదని స్నేహలతకు అప్పుడు తోచలేదు.

ఆ రోజు ఆమె వంకరటింకరగా వేసినవి నాలుగైదు వరసలు ఉంటాయేమో. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి ఎడమ సగం జానెడు పెరిగి ఉంది. బిగువుగా, ఒక్క పోగు అటుఇటు కాకుండా.

"ఒక్కదానివే నేసినవా అవ్వా?"

"ఒక్కదాన్ని ఎట్ల నేస్తనే, పిచ్చి పిల్లా! జోడి లేకుంటే అయ్యే పనా ఇది?"

ఆదివారం ఆదివారానికి బట్ట పెరుగుతోంది, పూలమ్మ తరుగుతోంది. వేళ్ళు పగిలాయి. వండింది వండినట్టే గిన్నెలో పాచిపోతోంది. మొహంలో మాత్రం పెళ్ళికి పోయే కళ.

"ఇది అయిపోంగనే పోదామంటాంది మొగిలి," అందొకసారి.

"ఎటు?"

"అది చెప్తలేదు. మంచి చీర తీసి పెట్టుకొమ్మన్నది."

స్నేహలత ఫోన్ చేతిలోకి తీసుకుంది. "నీ బిడ్డకు ఫోన్ చేస్త అవ్వా."

పూలమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దు బిడ్డా, నీ కాల్మొక్త. సరస్వతి వస్తే మగ్గం పీకించి నన్ను కేసముద్రం తోల్కపోతది. ఆడ గోడలు చూస్కుంట కూసుంటే నేను బతుకుతనా? ఒట్టెయ్యి."

స్నేహలత ఒట్టు వేసింది.

ఫోన్ చేయలేక, ఊరుకోలేక, చేతనైనదల్లా చేసి చూసింది. వేసిన పోగులు విప్పింది. మళ్ళీ వచ్చేసరికి విప్పినదానికి రెండింతలు నేసి ఉంది. చివరికి ఎర్ర నూలు కట్టలన్నీ సంచిలో కుక్కుకుని హాస్టల్‌లో దాచింది. నూలే లేకుంటే ఏం నేస్తారు?

ఆ తర్వాతి ఆదివారం కూడా బట్ట పెరిగే ఉంది. కొత్తగా పెరిగింది ఎరుపు కాదు. నెరిసిన తెలుపు. వేలితో ముట్టి చూసింది... నూలు కాదు. పూలమ్మ నెత్తిమీద కొంగు కప్పుకుని కూర్చుంది.

"కొంగు తియ్యి అవ్వా."

"ఎందుకే..." సిగ్గుపడ్డట్టు నవ్వింది పూలమ్మ. "అడిగింది. ఇచ్చిన."

మరునాడే స్నేహలత నూలంతా తిరిగి తెచ్చి పెట్టింది. ఇంకేం చేయగలదు?

ఈ ఆదివారం మధ్యాహ్నం నుంచే మబ్బు కమ్మింది. ఆమె గల్లీలోకి వచ్చేసరికి వాన దంచుతోంది, కరెంటు లేదు. పూలమ్మ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఠప్... ఠప్... ఒక పంజా వెంట ఇంకో పంజా.

తలుపు తోసింది. చీకట్లో పట్టుచీర అంచు మెరిసింది. పూలమ్మ. ఆమె పక్కన కూడా చీకటే... కానీ మిగతా చీకటి కంటే చిక్కగా ఉంది. తడి కట్టెలు కాలిన వాసన. మగ్గం మీద నేయాల్సింది ఇంక బెత్తెడు కూడా లేదు.

"అవ్వా, లే. నీకు దండం పెడ్త, లే..."

రెక్క పట్టుకుని లాగింది. ఎముక తప్ప ఏమీ మిగలని చెయ్యి. అయినా నేలలో పాతిన గుంజలా కదల్లేదు. ఇంకా గట్టిగా లాగబోతే కాలు జారి గుంటలో పడింది. తన పాదానికి ఇంకో పాదం తగిలింది. చల్లగా... మెత్తగా... నీళ్ళలో నానినట్టు. పూలమ్మ కాళ్ళు అవతల ఉన్నాయి.

ఆ పాదం మెల్లగా పక్కకు తప్పుకుంది.

పలక కిర్రుమంది.

"భయపడకే," గుసగుసలాడింది పూలమ్మ, చేతులు ఆపకుండానే. "మొగిలి జరిగింది. నీకు చోటిచ్చింది. జర వచ్చి కూసో."

ఎట్లా బయటపడిందో స్నేహలతకే తెలియదు. ఎదురింటి గోడకు ఆనుకుని వానలో నిలబడి ఉంది.  ఎవరిని పిలవాలి? పిలిచి ఏమని చెప్పాలి? ఒట్టు తప్పితే మగ్గం లేక పూలమ్మ చస్తుంది. తప్పకపోతే... ఈ పూటే.

ఫోన్ తీసింది. తడికి తెర పని చేయడం లేదు. తుడుద్దామని పసుపు చున్నీ కొస కోసం తడిమింది.

కొస లేదు.

అక్కడి నుంచి పసుపు పోగు ఒకటి ఊడి, గల్లీ దాటి, పారే నీళ్ళ మీదుగా, ఆ తలుపు సందులోకి పోయింది. బిగుసుకుని ఉంది. లోపల పంజా పడినప్పుడల్లా కొంచెం కొంచెం లాగుతోంది.

పళ్ళతో తెంపింది. ఇంకో పోగు కదిలింది.

కేసముద్రం నుంచి సరస్వతి వచ్చేదాకా ఆ బెత్తెడు మిగులుతుందో లేదో. ఒట్టు పోతే పోనీ అనుకుంది. ఫోన్‌ను గుండెకు దగ్గరగా పట్టుకుని, వాన పడకుండా వంగి, తెరను అరచేతితో తుడుస్తూ సరస్వతి పేరు కోసం వెతకసాగింది.